మైక్రోవేవ్‌లో అప్పడం కరకరలాడుతుంది, ఫింగర్ చిప్స్ ఎందుకు మెత్తబడతాయి?

అప్పడాన్ని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి మీట నొక్కితే నిమిషం తిరగకముందే బుడగలు బుడగలుగా పొంగుతుంది. చుక్క నూనె అక్కర్లేదు. బయటికి తీసి కాస్త ఆరనిస్తే పటుక్కున విరుగుతుంది. అదే ఓవెన్‌లో నిలువుగా తరిగిన బంగాళాదుంప ముక్కలు పెట్టి చూడండి. అయిదు నిమిషాలకు ఉడికి, చెమ్మ పట్టి, పట్టుకుంటే వంగిపోయే ముక్కలు వస్తాయి. ఎలాగైనా కరకరలాడించాలని ఇంకో అయిదు నిమిషాలు తిప్పితే కొసలు మాడతాయి, మిగతాది పంటికి సాగుతుంది. పొయ్యి ఒకటే, తరంగాలు అవే. మరి ఒకదానికి దక్కిన కరకర రెండోదానికి ఎందుకు దక్కదు?

యానాంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు కావడంతో గాలిలో తేమ 70 శాతం దాటడం ఇక్కడ మామూలే. నూనెలో శుభ్రంగా వేగిన ఫింగర్ చిప్స్ పొట్లం కూడా రాజీవ్ బీచ్ గట్టున విప్పుకుని కబుర్లలో పడితే కాసేపటికే మెత్తబడిపోతుంది. వంటనూనె తగ్గించమని వైద్యులు చెప్పిన ఇళ్ళలో మైక్రోవేవ్ మీద ఆశ పెట్టుకోవడం సహజం. ఆ ఆశ సగం న్యాయమైనదే. ఏ సగం అన్నది తెలియాలంటే ముందు నూనె మూకుడులోకి చూడాలి.

ఒకే ముక్కలో రెండు వంటలు

పచ్చి బంగాళాదుంప బరువులో దాదాపు 80 శాతం నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగం పిండి. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగుతున్న నూనెలో ముక్క పడగానే చుర్రుమంటూ లేచే బుడగలు నూనె మరగడం వల్ల వచ్చేవి కావు. అవి ముక్క పైభాగంలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తున్న గుర్తు. చుట్టూ ఉన్న నూనె వేడిని ఎంత జోరుగా అందిస్తుందంటే, లోపలి నీరు పైకి ఊరేలోపే పైపొర ఎండిపోతుంది. నీరున్నంతసేపు ఏ పదార్థమూ 100 డిగ్రీలను పెద్దగా దాటదు. ఎండిపోయిన పొరకు ఆ అడ్డు తొలగిపోతుంది. దాని వేడి 120, 140, 150 డిగ్రీలకు ఎగబాకుతుంది.

లోపలి కథ వేరు. అక్కడ నీరు ఇంకా నిండుగా ఉంటుంది కాబట్టి వేడి 100 దగ్గరే నిలిచిపోతుంది. పిండి రేణువులు 60, 70 డిగ్రీల మధ్యే నీరు పీల్చి ఉబ్బి మెత్తబడతాయి. అంటే లోపల జరుగుతున్నది ఉడకడం, పైన మిల్లీమీటరు మందంలో జరుగుతున్నది వేగడం. మంచి ఫింగర్ చిప్ అంటే ఒకే ముక్కలో పక్కపక్కనే జరిగిన ఈ రెండు వంటలే. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కరకర అనేది ఎండిన పొర చేసే పని. నీరు పూర్తిగా పోయాక పిండి గాజు స్థితికి చేరుతుంది. సాగే గుణం పోయి పెళుసుదనం వస్తుంది. ఆవిరి తోసుకుపోయిన దారుల్లో సన్నని గదులు మిగులుతాయి. పన్ను పడగానే ఆ గదుల గోడలు ఒకదాని తర్వాత ఒకటి పగులుతాయి. ఆ పగుళ్ళ మోతే మన చెవికి చేరే కరకర. ఈ శబ్దం ఉత్త అలంకారం కాదు. 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ స్పెన్స్, మాసిమిలియానో జాంపీనీ కొందరికి హెడ్‌ఫోన్లు పెట్టి, వాళ్ళు చిప్స్ కొరికే చప్పుడును పెంచి, తగ్గించి వినిపించారు. చప్పుడు పెద్దగా వినిపించినప్పుడు అవే చిప్స్ వాళ్ళకు మరింత తాజాగా, కరకరగా అనిపించాయి.

తరంగాలు నీటిని పట్టుకుంటాయి

మైక్రోవేవ్ ఓవెన్‌లో తరంగాలను పుట్టించే గుండెకాయ పేరు మాగ్నెట్రాన్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో శత్రువిమానాలను కనిపెట్టే రాడార్ కోసం 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ దాన్ని శక్తిమంతంగా తీర్చిదిద్దారు. ఆ తరంగాలతో వంట చేయవచ్చని 1945లో పేటెంటు కోరినవాడు అమెరికాలో రేథియన్ కంపెనీ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ మనిషెత్తున, 300 కిలోలకు పైగా బరువుండేది.

ఇంట్లో వాడే ఓవెన్ తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు దిశ మార్చుకుని మళ్ళీ మొదటికి వస్తాయి. నీటి అణువుకు ఒక కొసన స్వల్పంగా ధనావేశం, మరో కొసన రుణావేశం ఉంటాయి. విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా అణువు కూడా అటు తిరగబోతుంది. పక్కనున్న అణువులు తిరగనివ్వవు. ఆ ఒరిపిడే వేడి. గాలికి, గాజుకు, పింగాణీకి ఈ తిరుగుడు దాదాపు లేదు కాబట్టి అవి నేరుగా వేడెక్కవు. నూనెకు కూడా చాలా తక్కువే. తరంగాల బలమంతా నీరున్న చోటికే చేరుతుంది.

మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి వండుతుందన్న మాట చాలామంది నోట వింటాం. అది నిజం కాదు. తరంగాలు బయటి నుంచే దూరి, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే చాలావరకు ఖర్చయిపోతాయి. అయితే ఫింగర్ చిప్ మందం సెంటీమీటరే. అందువల్ల ముక్క పైనా లోపలా దాదాపు ఒకేసారి కాగుతుంది. మన చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ముక్క ఎందుకు చెమర్చుతుంది?

నూనెలో వేడి బయటి నుంచి లోపలికి నడిస్తే, మైక్రోవేవ్‌లో లోపలి నీరే వేడెక్కి ఆవిరి ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడి నీటిని, ఆవిరిని పైపొరకు తోస్తుంది. పైపొర ఎండే అవకాశం రాకముందే లోపలి నుంచి కొత్త నీరు వచ్చి దాన్ని తడుపుతూ ఉంటుంది. పైగా ఓవెన్‌లోని గాలిని తరంగాలు నేరుగా వేడి చేయవు. మూకుడులో ముక్క చుట్టూ 175 డిగ్రీల నూనె ఉంటే, ఇక్కడ చుట్టూ ఉన్నది ముక్క కంటే చల్లటి గాలి.

వేసవిలో కుండనీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో తెలిసినవారికి తర్వాత జరిగేది చెప్పనక్కర్లేదు. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. మైక్రోవేవ్‌లోని బంగాళాదుంప ముక్కా అంతే. పైకి ఊరిన నీరు ఆవిరయ్యే కొద్దీ పైపొర చల్లబడుతుంది. ఫలితంగా వేగాల్సిన పైపొర లోపలి భాగం కంటే తక్కువ వేడిలో ఉండిపోతుంది. ఇంకో సంగతీ ఉంది. యానాం ఉక్కపోతలో కుండనీళ్ళు అనంతపురం ఎండలో చల్లబడినంతగా చల్లబడవు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కుండ మీది తడి తొందరగా ఆరదు. తలుపు మూసిన ఓవెన్ పెట్టె కూడా కొద్ది నిమిషాల్లో అలాంటి ఉక్కపోత గదే అవుతుంది. ముక్కల్లోంచి వచ్చిన ఆవిరి అందులో నిండి, చల్లని పళ్ళెం మీద, తలుపు గాజు మీద, తిరిగి ముక్కల మీద నీరై కూర్చుంటుంది.

అలాగని ఇంకాసేపు ఉంచితే నీరంతా పోదా? పోతుంది, కానీ ఖరీదు ఎక్కువ. ఇంటి వేడిలో ఉన్న నీటిని మరిగే స్థాయికి తెచ్చేందుకు పట్టే శక్తికి ఏడు రెట్లకు పైగా, అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి పడుతుంది. ఆ నీరు పైపొర నుంచి మాత్రమే కాక ముక్క మొత్తం నుంచీ పోతుంది. లోపలి మెత్తని భాగం నీరుడిగి కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఆవిరి మెల్లగా జారుకుంటుంది కాబట్టి పెళుసైన గదులు కట్టవు. మనం కోరింది పైన కరకర, లోపల మెత్తన. వచ్చింది రెండూ కాని గట్టిదనం.

బాక్స్: అప్పడం మీద కనిపించే తరంగం

ఓవెన్‌లోని గాజు పళ్ళాన్ని, అది తిరిగే చక్రాన్ని తీసేసి, కదలని పళ్ళెంలో పచ్చి అప్పడాలు పరిచి కొద్ది సెకన్లు మాత్రమే పెట్టండి. అప్పడం అంతటా ఒకేసారి పొంగదు. అక్కడక్కడ పొంగిన మచ్చలు, మధ్యలో పచ్చిగా మిగిలిన చోట్లు కనిపిస్తాయి. ఓవెన్ గోడల మధ్య తరంగాలు అటూ ఇటూ కొట్టుకుని కొన్ని చోట్ల బలపడతాయి, కొన్ని చోట్ల అణగిపోతాయి. ఈ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. బలమైన చోట్ల మధ్య దూరం సుమారు అందులో సగం, అంటే 6 సెంటీమీటర్ల దరిదాపు. పళ్ళెం తిరిగేది ఈ ఎగుడుదిగుళ్ళు సర్దడానికే. తిరిగినా పూర్తిగా సర్దుకోవు. ఒకే పళ్ళెంలో ఒక ముక్క మాడి, పక్కది పచ్చిగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

అప్పడం గెలిచిన చోటు

మినప్పిండి అప్పడం ఓవెన్‌లోకి రాకముందే చాలా ప్రయాణం చేసింది. పిండి కలిపి, పల్చగా ఒత్తి, ఎండబెట్టేసరికి దానిలో నీరు బాగా తగ్గిపోయింది. మిగిలిన కొద్దిపాటి నీరే తరంగాలకు పట్టు. ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై పిండిని బుడగలుగా ఉబ్బించి, క్షణాల్లో బయటికి పోతుంది. పైపొర వేరు, లోపలి భాగం వేరు అనే తేడా అప్పడానికి లేదు. అంతా పొడిబారడమే దానికి కావాల్సింది. మైక్రోవేవ్‌కు చేతనైనదీ అదే. వేసవిలో డాబాల మీద ఎండబెట్టే వడియాలకూ చాలావరకు ఇదే సూత్రం పనిచేస్తుంది. ఎండ ముందే నీటి పని ముగించింది కాబట్టి ఓవెన్ పని తేలికైంది.

అందుకే బంగాళాదుంపను ఫింగర్ చిప్‌గా కాకుండా పల్చటి చక్రంగా తరిగితే ఫలితం మారిపోతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో ‘లోపల’ అంటూ ఏమీ మిగలదు. నీరు పోయే దారి పొట్టిది. చక్రం మొత్తం ఎండి పెళుసెక్కుతుంది. నూనె దాదాపు లేకుండా మైక్రోవేవ్ నిజంగా ఇవ్వగలిగిన కరకర బంగాళాదుంప ఇదే. దీన్ని తక్కువగా చూడనక్కర్లేదు. బజారులో కొన్న చిప్స్ పొట్లంలో బరువుకు దాదాపు మూడోవంతు నూనె ఉంటుంది.

బంగారు రంగు కనిపెట్టినవాడు

ఫ్రెంచ్ ఫ్రైస్ పుట్టింది ఫ్రాన్స్‌లోనా, బెల్జియంలోనా అన్న తగవు ఇంకా తెగలేదు. వాటి రంగు వెనక ఉన్న రసాయనాన్ని వివరించినవాడు మాత్రం ఫ్రెంచివాడే. 1912లో లూయీ కమీయ్ మయార్ అమైనో ఆమ్లాలనూ చక్కెరలనూ కలిపి వేడి చేస్తే గోధుమరంగు పదార్థాలు పుడతాయని చూపించాడు. కాఫీగింజ వేగినా, రొట్టె కాలినా, పకోడీ ఎర్రబడినా ఆ వాసనలో, రంగులో ఎక్కువ వాటా ఆయన పేరుతో పిలిచే ఈ మయార్ చర్యదే. 140 డిగ్రీలు దాటితే అది జోరందుకుంటుంది. తడిసి, 100 లోపే ఆగిపోయిన మైక్రోవేవ్ ముక్క పాలిపోయి, ఉడకబెట్టిన వాసనతో ఉండటానికి కారణం ఇదే.

   

రంగు మంచిదే కానీ దానికి హద్దుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు 120 డిగ్రీలు దాటి వేడెక్కిన పిండి ఆహారాల్లో అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని బయటపెట్టారు. దుంపలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి దాన్ని తయారు చేస్తాయి. ముక్క లేత బంగారు రంగు దగ్గర ఆపాలి. ముదురు గోధుమరంగు వరకు పోనివ్వకూడదు.

బాక్స్: పాప్‌కార్న్ సంచిలోని బూడిదరంగు పొర

మైక్రోవేవ్ పాప్‌కార్న్ సంచి అడుగున బూడిదరంగు పట్టీ ఉంటుంది. పాలియెస్టర్ పొర మీద కంటికి ఆనని మందంలో అల్యూమినియం పూసి కాగితానికి అతికిస్తారు. మామూలు అల్యూమినియం రేకు తరంగాలను తిప్పికొడుతుంది. ఇంత పల్చటి పూత మాత్రం వాటిని కొంత పీల్చుకుని 200 డిగ్రీల వరకు కాగుతుంది. అంటే ఓవెన్ లోపలే ఒక చిన్న పెనం తయారవుతుంది. బ్రిటన్‌లో మెకెయిన్ కంపెనీ అమ్మిన మైక్రోవేవ్ చిప్స్ అట్టపెట్టె వెనక ఉన్నది కూడా ఈ ఉపాయమే. కొన్ని ఓవెన్లతో వచ్చే ‘క్రిస్ప్’ పళ్ళెం దీనికి పెద్దన్న. ముక్కకు తాకిన వైపు కాలుతుంది, తాకని వైపు కాలదు. కాబట్టి మధ్యలో తిప్పక తప్పదు.

ఇంట్లో ఎలా?

దుంప ఎంపికతోనే సగం పని అవుతుంది. నీరు తక్కువ, పిండి ఎక్కువ ఉన్న ముదురు దుంప కావాలి. 11 పాళ్ళ నీటిలో ఒక పాలు ఉప్పు కలిపి దుంపలు వేస్తే పిండి ఎక్కువున్నవి మునుగుతాయి, నీరు ఎక్కువున్నవి తేలుతాయి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ చిప్స్ కోసం 1998లో కుఫ్రీ చిప్సోనా రకాలను, ఆ తర్వాత ఫింగర్ చిప్స్ కోసం కుఫ్రీ ఫ్రైసోనాను తెచ్చింది. పిండి ఎక్కువ, చక్కెర తక్కువ ఉండటమే వాటి గుణం. శీతల గిడ్డంగిలో చాలాకాలం ఉన్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంప ముక్క లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది.

పల్చటి చక్రాల విషయానికొస్తే, తరిగాక చన్నీళ్ళలో పైపిండి పోయేదాకా కడిగి, గుడ్డతో తడి పూర్తిగా అద్దాలి. నాలుగు చుక్కల నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో పరచండి. మూడు నిమిషాలు పూర్తి శక్తి మీద, తిప్పి వేసి సగం శక్తి మీద మరో నిమిషం రెండు నిమిషాలు. చివరి అరనిమిషం ఓవెన్ ముందే నిలబడాలి. నీరు పోయాక చక్రాలు కళ్ళముందే మాడతాయి. తీసినప్పుడు కొంచెం వంగినా గాబరా పడవద్దు, ఆరాక పెళుసెక్కుతాయి.

ఫింగర్ చిప్స్ కావాలంటే మైక్రోవేవ్‌కు దానికి చేతనైన వంట ఒక్కటే అప్పగించండి: లోపలి ఉడుకు. సెంటీమీటరు మందంలో తరిగి కడిగిన పావుకిలో ముక్కలు 800 వాట్ల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాల్లో ఉడుకుతాయి. వెంటనే వాటిని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద ఆరబెట్టండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, ఫలితాన్ని తేల్చేదీ ఇదే. వేడి ముక్కలోంచి పొగలై పోయే ఆవిరి మనకు ఉచితంగా దొరికే ఎండ. యానాం లాంటి ఊళ్ళో ఈ ఆరబెట్టడానికి ఇంకాస్త ఎక్కువసేపు కేటాయించాలి. ఇంగ్లండు వంటవాడు హెస్టన్ బ్లూమెంథాల్ పేరు తెచ్చిన ‘మూడుసార్లు వండిన’ చిప్స్‌లోనూ మొదటి రెండు వంటల తర్వాత ముక్కను చల్లార్చి ఆరబెట్టడమే కీలకం.

ఆరాక రెండు చెంచాల నూనె పట్టించి, బాగా కాగిన ఇనుప పెనం మీద తిప్పుతూ వేయించండి. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ అయితే ముందే 200 డిగ్రీలు దాటించి ఆ వేడిగాలిలో పెట్టండి. అందులో ఫ్యాను ముక్క చుట్టూ పేరుకున్న ఆవిరిని ఊడ్చేస్తుంది. ఎయిర్ ఫ్రయ్యర్ చేసేదీ ఈ పనే. ఉప్పు చివరనే చల్లాలి, ముందే వేస్తే నీటిని పైకి లాగుతుంది. వడ్డించే గిన్నె మీద మూత పెట్టవద్దు. కొంచెం కొంచెంగా చేసుకుని వెంటనే తినండి.

పరిశోధన ఎటు వెళ్తోంది

మైక్రోవేవ్‌కు నూనె వంటలో ఇంకో ఉపయోగం ఉందని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆహార ఇంజినీరింగ్ ప్రొఫెసర్ పవన్ తఖర్ బృందం పరిశీలించింది. వేగుతున్న ముక్కలోంచి ఆవిరి బయటికి తోస్తున్నంతసేపు నూనె లోపలికి రాలేదు. ఆ తోపు తగ్గినప్పుడు, ముఖ్యంగా ముక్కను మూకుడులోంచి తీశాక ఆవిరి చల్లబడి నీరైనప్పుడు, లోపల ఏర్పడిన వెలితి పైనున్న నూనెను పీల్చుకుంటుంది. నూనెలో వేగుతున్న ముక్కకు తరంగాలు కూడా తగిలిస్తే లోపలి ఆవిరి ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తుంది, నూనె పీల్చుకోవడం తగ్గుతుంది. అయితే తరంగాలు ఒక్కటే చాలవు, కరకరకు మామూలు నూనె వేడి కావాల్సిందేనని ఆ బృందం చెబుతోంది. ముక్కను మెత్తబరుస్తుందని మనం నిందించే లోపలి ఒత్తిడే ఇక్కడ మేలు చేస్తోంది. రెండు వేడులూ కలిసినప్పుడే రెండు వంటలూ కుదురుతాయి.

ఇది చదివి ఎవరూ ఇంటి మైక్రోవేవ్‌లో నూనె గిన్నె పెట్టి ముక్కలు వేయించే ప్రయత్నం చేయవద్దు. ఆ పరిశోధనలు జరిగినవి వేడిని నిక్కచ్చిగా అదుపు చేసే ప్రత్యేక యంత్రాల్లో. ఇంటి ఓవెన్‌కు నూనె ఎంత కాగిందో తెలియదు. నీరు మరిగి ఆగినట్టు నూనె 100 డిగ్రీల దగ్గర ఆగదు. గిన్నె పగలవచ్చు, నూనె అంటుకోవచ్చు. మైక్రోవేవ్‌లో ఉడికించండి, ఫ్యాను కింద ఆరబెట్టండి, వేయించడం మాత్రం పెనం మీదే చేయండి.